చాప మీద పెట్టిన కత్తి

గైల్ సామిర్,
సంత జరిగిన మర్నాడు

అవద్‌కి,

బతికే ఉన్నావనుకుని రాస్తున్నాను. పోయినేడు రేడియోలో నువ్వు పోయావన్నారు, అంతకుముందూ ఒకసారి అన్నారు. రెండుసార్లూ ఏడ్చాను. మళ్ళీ చెబితే మాత్రం ఏడవను, నాకు ఓపిక లేదు.

నీ వాళ్ళు నిన్ను అబూ సుహైబ్ అంటారట. సుహైబ్ తండ్రివట! పెళ్ళాం పుట్టింటికి పోయి ఒక తరం గడిచింది, పిల్లా జెల్లా లేరు, ఆ సుహైబ్ ఎవడ్రా? నేను మాత్రం అవద్ అనే రాస్తాను. తేనె వ్యాపారం బరకాత్ ఈ ఉత్తరాన్ని డబ్బా మూత లోపల మైనం పెట్టి అంటించి తెస్తాడు. తేనె మొత్తం ఒకేసారి లాగించకు, నీకు షుగరుందని విన్నాను.

ఇక అసలు సంగతికొస్తాను. నిన్న సంతలో నీ వాళ్ళు హాదీని కాల్చేశారు. హాదీ అంటే పక్క లోయలోని ఆల్ తమీర్ తెగ కుర్రాడు. నీళ్ళ ట్యాంకరు తోలుతాడు. మన బావి ఎండిపోయినప్పటి నుంచి మన కుండలు నిండేది అతని వల్లే. వాళ్ళకీ మనకీ పాత పగలు కాబట్టి, మన నేల మీద వాళ్ళ మనిషి అడుగు పెట్టాలంటే మనవాడొకడు తోడు నడవాలి. యస్లమ్ తోడు నడిచాడు. యస్లమ్ ఎవడని అడుగుతావేమో, నా కొడుకు, నీ మేనల్లుడు.

ఇద్దరూ ఎండుచేపలు బేరమాడుతున్నారట. మోటారు సైకిలు మీద ఇద్దరొచ్చి "ఇన్‌ఫార్మర్!" అని అరిచి, కాల్చి, పోయారు. అప్పటికి యస్లమ్ చెయ్యి హాదీ భుజం మీదే ఉందిరా. ఆ చొక్కా వాడింకా విప్పలేదు. విప్పరా అంటే నా వైపు చూడను కూడా చూడడు.

తోడు నడిచామంటే ఆ మనిషి ప్రాణానికి మన మొహం పూచీ అని నీకు నేను చెప్పాలా? ఆల్ తమీర్ పెద్దలు ఈ పొద్దున్నే కబురు పంపారు. "మా వాడు నీ తోడులో పోయాడు. చంపించినవాడి నెత్తురు నువ్వు తెస్తావా, లేక నీ నెత్తురే మమ్మల్ని తీసుకోమంటావా?" అని యస్లమ్‌ని అడిగారు. చంపించినవాళ్ళకి పెద్ద ఎవరు? వాడి మేనమామ. ఇదిరా నువ్వు మా ఇంటికి తెచ్చిన ముచ్చట.

ఇక వాడు గడప దాటలేడు. రేగు పూతకి తేనెపెట్టెలు కొండ మీదికి ఎక్కించాలి, ఎవరు ఎక్కిస్తారు? ఆడవాళ్ళ జోలికి ఎవరూ రారు కాబట్టి గడ్డీ, నీళ్ళూ, కట్టెలూ అన్నీ నేనే. ఈ వయసులో.

పెద్దమనిషి ముక్బిల్ దగ్గరికి వెళ్ళాను. ఆయనకి చెవులు పోయాయి గానీ బుర్ర పోలేదు. ఒకే దారి ఉందన్నాడు. నువ్వు తప్పు ఒప్పుకుని, నీ నడుంకత్తి ఆయన చాప మీద పెట్టించాలి. తుపాకులు పనికిరావు, అవి నీ జమాత్‌వి. కత్తి మనిషిది. కత్తి చాప మీద పడితే ఏడాది పాటు ఎవరూ ఎవరినీ ముట్టుకోరు, ఆలోగా తగువు తెగుతుంది.

నువ్వు ఊరు వదిలినప్పుడు విప్పి పడేసిన కత్తి, నాన్న నీకు కట్టిన కత్తి, నా ధాన్యపు పెట్టెలోనే ఉంది. నువ్వు రానక్కర్లేదు. "పెట్టు" అని ఒక్క మాట రాసి పంపు చాలు.

ముజ్నా


చోటు రాయకూడదు.

కరుణామయుడైన అల్లా పేరుతో.

గౌరవనీయురాలైన సోదరికి సలాములు.

మీ ఉత్తరం అందింది. తేనెకు కృతజ్ఞతలు. సదరు హాదీ విషయం షరియత్ న్యాయస్థానం ముందుకు వచ్చింది, సాక్ష్యం విచారించబడింది, తీర్పు అమలయింది. ఆకాశంలో తిరిగే విమానాలకు దారి చూపే చిప్పులు అతడు మావారి బండ్లలో పెట్టాడు. శత్రువుకు కళ్ళుగా మారినవాడికి సంతలో గానీ ఇంట్లో గానీ రక్షణ ఉండదు.

కత్తులు చాపల మీద పెట్టడం, తప్పు ఒప్పుకున్నందుకు గుర్తుగా బాధితుల గుమ్మంలో ఎడ్లు కోయడం, తెగ పెద్దల తీర్పులకు తల వంచడం అజ్ఞాన కాలపు అలవాట్లు. అల్లా తీర్పు ఉండగా ముక్బిల్ తీర్పు కోరడం విశ్వాసాన్ని పోగొట్టుకోవడమే. ఈ మాట ముప్ఫై ఏళ్ళుగా బోధిస్తున్నాను. ఇప్పుడు నా ఇంటివారి కోసం మార్చలేను.

యస్లమ్‌ను నా దగ్గరకు పంపండి. ఇక్కడ అతణ్ణి ఎవరూ తాకలేరు.

మోకాళ్ళకు రాసుకునే ఆ నువ్వుల నూనె దొరికితే బరకాత్‌తో పంపగలరు.

అబూ సుహైబ్


గైల్ సామిర్,
రేగు మొగ్గ తొడిగింది

ఒరే అవద్,

సోదరి అట! గౌరవనీయురాలట! చిన్నప్పుడు నా జడ పట్టుకుని ఊగినవాడు నాకు "మీరు" అని రాస్తున్నాడు. నీ ఉపన్యాసం చదివి నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియలేదు. చివర్లో నూనె అడిగావు చూడు, ఆ ఒక్క వాక్యమే నా తమ్ముడిది. సీసా పంపుతున్నాను. కాచి రాసుకో.

నీకు అక్షరాలు నేర్పింది ఎవరు? ఏడెన్‌లో ఎర్రజెండా ప్రభుత్వం ఉన్నప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళకి బడి పెట్టారు. పొద్దంతా మేకలు కాసి వెళ్ళి నేర్చుకున్నాను. నేర్చుకున్నది పెరట్లో బూడిద మీద వేలితో రాసి నీకు నేర్పాను. దేవుడు లేడనేవాళ్ళు నేర్పిన అక్షరాలు నాయనా అవి. వాటితోనే నువ్విప్పుడు ఎవరు బతకాలో ఎవరు చావాలో రాస్తున్నావు.

హాదీ వాళ్ళింటికి వెళ్ళాను. మగవాడెవడూ ఆ గుమ్మం ఎక్కలేడు, నేనెక్కాను. వాళ్ళమ్మ పేరు నువైర్. నాకంటే చిన్నదే, నాకంటే ముసలిదిగా ఉంది. నన్ను చూసి వాకిట్లో ఆడవాళ్ళందరూ మాటలు ఆపేశారు. నువైర్ మాత్రం లేచి నాకు చాప చూపించింది. కాఫీ పోసి నా ముందు పెట్టింది. పెట్టి, "నా ఇంట్లో కాఫీ లేదనుకుంటారని పోశాను. తాగమని కాదు" అంది. తాగలేదురా. చల్లారేదాకా ఆ కప్పుని చూస్తూ కూచున్నాను.

"చిప్పులంట! నా కొడుకు ఆ లారీ హారన్ పాడైతే ఏడాది నుంచి బాగు చేసుకోలేక కిటికీలోంచి కేకలేసుకుంటూ పోయేవాడమ్మా" అంది నువైర్. అందరూ నవ్వబోయి ఆగారు. తర్వాత ఆవిడ నన్ను అడిగింది, "మీ తమ్ముడే చెప్పాడా, చంపమని?" అని.

నాకు తెలియదన్నాను. ఇప్పుడు నేను నిన్ను అడుగుతున్నాను. న్యాయస్థానం, సాక్ష్యం, అమలు అని పుస్తకం భాష వద్దు. నువ్వు చెప్పావా?

యస్లమ్‌ని నీ దగ్గరకి పంపమంటావు. పంపక్కర్లేదు, వాడే వచ్చేలా ఉన్నాడు. తుపాకీ విప్పి తుడిచి మళ్ళీ బిగిస్తున్నాడు. "మామ దగ్గరికి ఎలా వెళ్ళాలో బరకాత్‌కి తెలుసుగా అమ్మా?" అని నిన్న అన్నం తింటూ మామూలుగా అడిగాడు. వాడు నిన్ను చంపినా, నిన్ను చంపబోయి వాడు చచ్చినా, అటు తిప్పినా ఇటు తిప్పినా ఏడ్చేది నేనే కదరా.

ఒక్క మాట రాయి. "పెట్టు" అని.

అక్క


చోటు రాయకూడదు.

అక్కా,

నూనె రాసుకున్నాను. రాత్రి కాస్త కాళ్ళు ముడుచుకోగలిగాను. నువ్వు అడిగిన దానికి జవాబు రాయడానికి చాలా రోజులు పట్టింది, బరకాత్‌ని రెండుసార్లు ఉత్త చేతులతో పంపాను. తిట్టుకునే ఉంటాడు.

నేను చెప్పలేదు. తల ఊపాను.

సాయంత్రం అసర్ నమాజ్ అయ్యాక కుర్రాళ్ళు తగువులన్నీ తెస్తారు. ఒకడి మోటారు సైకిలు ఇంకొకడు పట్టుకుపోయాడు. ఒకడి పెళ్ళాం వెళ్ళిపోయింది. ఫలానా చెక్‌పోస్టు దగ్గర పిండి బస్తాలు తగ్గాయి. అన్నీ వింటాను, ఊపుతాను. ఆ రోజు వాటి మధ్యలో అబూ జరీర్ ఈ విషయం చెప్పాడు. ఉత్తరాది కుర్రాడు, ఇప్పుడు నిజానికి పెత్తనం అతనిదే, నాది గడ్డం మాత్రమే. "ఒక ట్యాంకరు డ్రైవరు షేక్, మేం పట్టుకున్న పిల్లవాడు ఇతని పేరు చెప్పాడు" అన్నాడు. ఆ పిల్లవాడు పేరు ఎలా చెప్పి ఉంటాడో నాకు తెలుసు. జైల్లో నేనూ పేర్లు చెప్పాను, నా పక్కింటివాళ్ళ పేర్లు కూడా. అయినా అడగలేదు. ఏ తెగ, ఎవరి తోడు, ఏ సంత అని ఏదీ అడగలేదు. అలసిపోయి ఉన్నానక్కా. తర్వాతి తగువు చెప్పండన్నాను.

అంతే జరిగింది. దీన్ని నువైర్ అనే ఆవిడకి ఎలా చెబుతావో నాకు తెలియదు.

అలసట అంటే నీకు కోపం వస్తుంది, గడ్డి మోసేది నువ్వు కదా. కానీ వేరే మాట దొరకడం లేదు. పద్దెనిమిదేళ్ళకి ఆఫ్గన్ కొండలకి వెళ్ళినప్పుడు తిరిగొస్తాననుకోలేదు, వచ్చాను. జైల్లో చస్తాననుకున్నాను, వదిలారు. ఆ తర్వాత ఒకే పైకప్పు కింద వరసగా ఎన్నాళ్ళు పడుకున్నానో గుర్తు లేదు. పొద్దున లేవగానే ఆకాశంలో ఆ విమానాల మోత ఉందా లేదా అని వింటాను. ఉంటే భయం. లేకపోతే ఇంకా భయం. నాతోపాటు బయల్దేరినవాళ్ళలో నేనొక్కణ్ణే మిగిలాను. ఈ కుర్రాళ్ళు నా చెయ్యి ముద్దు పెట్టుకుంటారు, నేను చెప్పేది వినరు. ఇంతకుముందు మాకు ఇమాముగా నిలబడ్డవాణ్ణి వాళ్ళే తీసుకెళ్ళారు. మేం అతని పేరెత్తం.

అందుకే ఆ మాట రాయలేను. తెగ తీర్పు కోరినవాడు మతం వదిలినవాడే అని వీళ్ళకి నేర్పింది నేను. పాఠం బాగా వంటబట్టింది. నా కత్తి ముక్బిల్ చాప మీద ఉందని తెలిసిన రోజున నన్ను ఏ చాప మీద కూచోబెడతారో నాకు బాగా తెలుసు. నాకు చావంటే భయం లేదని ఉపన్యాసాల్లో చెబుతాను. ఉందక్కా.

కత్తి పెట్టెలోనే ఉండనీ. యస్లమ్‌ని సముద్రం దాటించి ఎక్కడికైనా పంపెయ్.

అవద్


గైల్ సామిర్,
రేగు పూసింది

అవద్‌కి,

ఉత్తరం అందింది. చదివాను. మళ్ళీ చదవలేదు.

ఇక్కడ అంతా బాగుంది. పూత విరగబూసింది, ఊరంతా వాసన. తేనెపెట్టెలు కొండెక్కాయి. యస్లమే ఎక్కించాడు. ఇప్పుడు బయట తిరుగుతున్నాడు. ఎలా అని అడగకు. గడ్డం తీయించుకున్నాడు, చొక్కా మార్చాడు, నా వంటకి వంకలు పెడుతున్నాడు. అంతకంటే నాకేం కావాలి?

నూనె మళ్ళీ పంపుతున్నాను. ఎండు సొరచేప కూడా పెట్టాను. నానబెట్టి తిను, నీ పళ్ళు ఉన్నాయో లేదో.

అక్క


చోటు రాయకూడదు.

ముజ్నా,

ఏం చేశావు?

అబూ జరీర్ నిన్న నా ఎదురుగా కూచుని, టీ తాగుతూ, నవ్వుతూ అడిగాడు. "షేక్, సంతలో ఒక కథ చెప్పుకుంటున్నారు. మీ కత్తి సామిర్ పెద్దమనిషి చాప మీద ఉందట, మీరే పంపారట. ఆల్ తమీర్ వాళ్ళు గుమ్మంలో ఎడ్లు కోయించుకున్నారట" అన్నాడు. నేను తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాను. వాడు చూశాడు.

కప్పు చూస్తూ కూచున్నానని రాశావు, గడ్డి మోశానని రాశావు, గడ్డం తీయించుకున్నాడని కూడా రాశావు. ఇది మాత్రం రాయలేదు! నా మొహాన్ని నన్నడగకుండా తాకట్టు పెట్టావా? నేను వద్దని రాశాకే కదా? ఎందుకు వద్దన్నానో విడమర్చి రాశాకే కదా? నా చావు నా చేతిరాతతో నీకు పంపితే దాన్ని మడిచి పెట్టెలో దాచి, కత్తి బయటికి తీశావా?

ఈ శుక్రవారం నమాజ్ తర్వాత అందరి ముందూ ఖండించమన్నాడు. "కత్తి నేను పంపలేదు, నా అక్క అబద్ధమాడింది, తెగల తీర్పుని కాలితో తన్నుతున్నాను" అనాలట. దాన్ని రికార్డు చేసి లోయంతా వినిపిస్తారట.

వెంటనే రాయి. బరకాత్ గుమ్మం దగ్గరే ఉంటాడు.

అవద్


గైల్ సామిర్

అవద్,

అవును. చేశాను.

నీ ఉత్తరం చదివిన సాయంత్రమే పెట్టె తెరిచాను. కత్తికి జొన్నపిండి అంటుకుని ఉంది. కొంగుతో తుడిచాను. ముక్బిల్ ఇంటికి నడిచి వెళ్ళి ఆయన చాప మీద పెట్టాను. ఆల్ తమీర్ పెద్దలు అక్కడే కూచుని ఉన్నారు. ముక్బిల్ తన చెవుల మీద తనకే నమ్మకం లేనట్టు గట్టిగా, అందరికీ వినబడేలా అడిగాడు, "ఇది అవద్ పంపాడా?" అని. పంపాడన్నాను. "ఒట్టు వేస్తావా?" అన్నాడు. వేశాను. నా కొడుకు మీద వేశాను.

అప్పుడు వాళ్ళ పెద్ద కత్తి ఒర తడిమి చూసి, నాన్న పేరెత్తి, "ఫరాజ్ కత్తే. ఆయన నాకు తెలుసు" అన్నాడు. మర్నాడు మనవాళ్ళు ఎడ్లని నువైర్ గుమ్మంలో కోశారు. యస్లమ్ వెళ్ళి తలపాగా తీసి ఆవిడ ముందు నిలబడ్డాడు. ఇంటికొచ్చి ఆ చొక్కా విప్పి నాకిచ్చాడు. ఉతికానురా. ఎంత ఉతికినా నీళ్ళు ఎర్రగానే వచ్చాయి.

నిన్ను చంపుతారని నువ్వు రాసింది నేను మర్చిపోయాననుకోకు. మర్చిపోతే బాగుండేది. పెట్టె తెరిచేటప్పుడు అదే గుర్తుంది. ఒక చేతిలో కొడుకు, ఒక చేతిలో తమ్ముడు, ఏ చెయ్యి వదలాలో అడిగితే ఏ తల్లైనా ఏం చేస్తుందో నేనూ అదే చేశాను. నాకు సిగ్గుగా లేదు. ఏడుపొస్తోంది, అది వేరే సంగతి. నిన్ను నడుం మీద మోసి పెంచాను, అవద్. అమ్మకి పాలు లేకపోతే మేకపాలు గుడ్డలో ముంచి చప్పరించబెట్టింది నేను. నిన్ను వదిలిన చెయ్యి ఇప్పటికీ నొప్పి పుడుతోంది.

నువ్వు శుక్రవారం ఆ మాట అన్నావంటే శనివారానికి యస్లమ్ ఉండడు. కత్తి అబద్ధమని తేలితే ఏడాది గడువు అప్పుడే పోతుంది. అబద్ధపు ఒట్టు వేసిన నన్ను ఏం చేస్తారో నాకు అక్కర్లేదు.

పారిపో. నీకు కొండలన్నీ తెలుసు. పారిపోలేకపోతే నోరు మూసుకుని ఉండు. జీవితమంతా మాట్లాడావు, జనం విన్నారు, వెళ్ళారు, చచ్చారు. ఒక్క శుక్రవారం మాట్లాడకు. నిన్ను ఇంకేమీ అడగను, నూనె డబ్బులు కూడా.

నన్ను తిట్టు. ఎంత కావాలంటే అంత తిట్టి రాయి. రాయడం మాత్రం మానకు.

అక్క


అల్ హుమ్రా కనుమ,
పాత గొర్రెల దొడ్డి పక్కన

అక్కా,

చోటు రాశాను చూడు. ఇక దాచి లాభం లేదు. నాన్న తేనెపెట్టెలు దించే చోటే ఇది, రాళ్ళు ఇంకా అలాగే వరసగా ఉన్నాయి. ఈ దాపుల్లోకి వచ్చి చాలా రోజులైంది, నీకు చెప్పలేకపోయాను. గాలి ఇటు తిరిగితే మన లోయ పూత వాసన వస్తుంది.

తిట్టాలనే కాగితం తీశాను. పోయిన ఉత్తరంలో ఉన్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు. మేకపాలు ఎందుకు రాశావు?

పారిపోవడం గురించి ఆలోచించాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు. నవ్వకు, నిజంగానే అదే మొదట తట్టింది. ఆ తర్వాత, పారిపోతే కత్తి ఎవరిదో ఎప్పటికీ తేలదని తట్టింది. నోరు మూసుకున్నా అంతే. నా మౌనానికి వాళ్ళు వాళ్ళ మాట అతికించి రికార్డు చేస్తారు. అది నేను నేర్పిన పనే.

శుక్రవారం నమాజ్ అయ్యింది. అబూ జరీర్ ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. నేను చెప్పాను, "ఆ కత్తి నాది. మా అక్క చేత నేనే పెట్టించాను. హాదీ ఇన్‌ఫార్మర్ కాదు. విచారించలేదు, నేను తల ఊపాను, అతను చచ్చాడు. తప్పు నాది" అని. ఈసారి తల ఊపలేదక్కా, నోటితో చెప్పాను. వెనకనుంచి ఎవడో చిన్నగా ఏడ్చాడు, ఎవడో చూడలేదు.

నీ ఒట్టు ఇప్పుడు అబద్ధం కాదు. ఆ ఒక్కటీ నీకు పంపగలిగాను.

దీన్ని గొప్ప పని అనుకోకు. రాయిలా కూచుని పేర్లకి తల ఊపిన సాయంత్రాలు చాలా ఉన్నాయి. హాదీకి అక్క ఉందో లేదో తెలియదు గానీ, మిగతావాళ్ళకీ ఎవరో ఒకరు ఉండే ఉంటారు, కాఫీ చల్లారేదాకా చూస్తూ. వాళ్ళ చాపల మీద పెట్టడానికి నా దగ్గర కత్తులు లేవు.

రేపు విచారణ అన్నారు. నా విచారణ ఎంతసేపో నాకు తెలుసు. బరకాత్‌కి ఇది ఇచ్చి వెంటనే వెళ్ళిపొమ్మంటున్నాను. ముసలాడు కాళ్ళకి అడ్డం పడి కదలనంటున్నాడు, నీ తేనె డబ్బా తిరిగివ్వకపోతే నువ్వు చంపుతావట.

నన్ను అమరవీరుడంటూ ఎవరైనా పాట కడితే ఇంట్లో పాడనివ్వకు. వాళ్ళే కడతారో, ద్రోహి అంటారో చెప్పలేను, రెండూ ఒకే గొంతుతో పాడతారు. యస్లమ్ నన్ను వెతుక్కుంటూ రాకూడదు. మామ మాట ఇది ఒక్కటైనా వినమను.

నూనె సగం మిగిలింది. సీసా పంపుతున్నాను.

అవద్


గైల్ సామిర్,
తేనె పిండాక

ఒరే అవద్,

బరకాత్ ఈసారి డబ్బా తీసుకోనన్నాడు. గుమ్మంలో నిలబడి తలపాగా సరిచేసుకుంటూ నేల చూపులు చూశాడు. నాకు అర్థమైంది. "రేడియోలో చెప్పారా?" అన్నాను. లేదన్నాడు. అయితే ఈసారి నిజమేనన్నమాట.

ఏడవనని రాశాను కదా. అదొక అబద్ధం.

ముక్బిల్ పెద్దలందరినీ పిలిచి, ఎవరో ఫోన్‌లో తెచ్చిన నీ మాటలు వినిపించాడు. ఆయనకి వినబడదు కాబట్టి పక్కవాడు చెవిలో అరుస్తుంటే ఆలస్యంగా ఏడ్చాడు. కత్తి ఎవరిదో వాడు దాని కోసమే పోయాడు, ఇక ఎవరి దగ్గరా అడగడానికి నెత్తురు లేదని తీర్పు చెప్పాడు. ఆల్ తమీర్ వాళ్ళు సరేనన్నారు. కత్తి తిరిగిచ్చారు. యస్లమ్ కట్టుకోనన్నాడు. మళ్ళీ జొన్నల్లోకే వెళ్ళింది.

నిన్ను ఎక్కడ పెట్టారో ఎవరూ చెప్పలేదు. యస్లమ్ నీ మాట వినలేదు. పెట్టెలు వేసుకుని హుమ్రా కనుమకి వెళ్ళాడు, పట్టపగలు, ట్రక్కు హారన్ కొట్టుకుంటూ. గొర్రెల దొడ్డి దగ్గర ఎవరూ లేరట. తాత పెట్టిన రాళ్ళ మీదే పెట్టెలు దించాడు. వాడితో వాదించే ఓపిక నాకు లేదు.

నీ పరామర్శకి వచ్చేవాళ్ళ కోసం ఇంటి ముందు చాప పరిచాను. మనవాళ్ళు రాలేదు. కొందరికి నీ వాళ్ళంటే భయం, కొందరికి నువ్వంటే అసహ్యం, వాళ్ళని ఏమీ అనలేను. పొద్దంతా ఒక్కదాన్నే కూచున్నాను. మధ్యాహ్నం దాటాక నువైర్ వచ్చింది. ఒక్కతే, లోయ దాటి నడిచి. పలకరించలేదు, నన్ను ముట్టుకోలేదు. వచ్చి చాప మీద ఒక చివర కూచుంది.

కాఫీ పోసి ఆవిడ ముందు పెట్టాను. తాగమనలేదు. చాలాసేపు కప్పులోకి చూసింది. తర్వాత తీసుకుని సగం తాగింది. మిగతా సగం కింద పెట్టి, లేచి వెళ్ళిపోయింది.

ఆ సగం కప్పు ఇంకా కడగలేదురా.

అక్క